నిద్రలో చేతులు తిమ్మిరెక్కుట: కారణములు, జాగ్రత్తలు

పగలంతయు కలుపు తీసియో, మగ్గము నేసియో, బరువులు మోసియో అలసిన శరీరమునకు రాత్రి నిద్రయే మందు. కాని అర్ధరాత్రివేళ ఉన్నట్టుండి మెలకువ వచ్చి, చేయి తనది కానట్లు మొద్దుబారి పడియుండుట మనలో పెక్కుమందికి అనుభవమే. రెండవ చేతితో దానిని ఎత్తి ప్రక్కకు పెట్టవలసి వచ్చును. కొంతసేపటికి చీమలు ప్రాకినట్లు, సూదులు గ్రుచ్చినట్లు జివ్వుమని, పిదప చేయి స్వాధీనమగును. కొందరు దీనిని లెక్కచేయరు. మరికొందరు పక్షవాతము వచ్చుచున్నదేమోయని భయపడుదురు. ఈ ఉభయులకును నిజము తెలియుట అవసరము. అప్పుడప్పుడు వచ్చి నిమిషములలో పోవు తిమ్మిరి చాలవరకు పడుకొనిన తీరువలన కలుగునదియే. తీరు మార్చుకొనినచో తగ్గునదియే. పోని తిమ్మిరి వేరు. దానిని ఉపేక్షించినచో చేతి బలము శాశ్వతముగా పోవచ్చును. చేతిపనిపై బ్రతుకు కుటుంబమునకు అది ఎంత నష్టమో మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఈ రెంటికిని గల భేదమును గుర్తించుట ఎట్లో ఈ పాఠమున తెలిసికొందము.

నలుగునది నరము

"రక్తము ఆడక చేయి తిమ్మిరెక్కినది" అని మనమందుము. ఇది పూర్తిగా సరికాదు. మన వాడుకలో నరమను మాటనే రెండు వేర్వేరు వస్తువులకు వాడుచున్నాము. సూదిమందు వేయునపుడు "నరము దొరకలేదు" అందుము. అక్కడ దొరకనిది నరము కాదు, రక్తనాళము. రక్తనాళము రక్తము ప్రవహించు గొట్టము. నరము అట్టిది కాదు. స్పర్శ, నొప్పి, వేడి మొదలగు వార్తలను శరీరమునుండి మెదడునకు చేర్చుటకును, కదలుమను ఆజ్ఞను మెదడునుండి కండరములకు తెచ్చుటకును ఏర్పడిన తీగ అది. రాత్రి తిమ్మిరిలో నలుగునది ముఖ్యముగా ఈ తీగయే.

ఈసారి చేయి తిమ్మిరెక్కినపుడు మణికట్టుపైన, బొటనవ్రేలి వైపున రెండవ చేతి వ్రేళ్ళుంచి నాడి చూడుడు. సాధారణముగా నాడి యథాప్రకారము కొట్టుకొనుచునే యుండును. అనగా చేతికి రక్తము వచ్చుచునే యున్నది. కాని నరమునకు కూడ ఆహారము కావలెను. దానిని పోషించుటకై వెండ్రుకలవంటి సన్నని రక్తనాళములు దానినంటియే యుండును. నరముపై బరువు పడినపుడు అవి మూసికొనిపోవును. పోషణ అందని ఆ భాగము వార్తలు పంపుట మానివేయును. 1931లో లండనులో సర్ థామస్ లూయిస్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును రక్తపోటు కొలుచు పట్టీవంటి దానిని చేతికి బిగించి పరీక్షలు జరిపిరి. స్పర్శ మొదట వ్రేళ్ళ కొనలయందు పోయి, క్రమముగా పైకి ప్రాకుననియు, పట్టీ క్రింద నలిగిన నరమునకు రక్తపోషణ అందకపోవుటయే ఇందుకు కారణమనియు వారు చూపిరి.

ఒత్తిడి తొలగగానే నరము మేల్కొనును. మేల్కొనునపుడు అది క్రమము తప్పి వార్తలు పంపును. చీమలు ప్రాకినట్లుండుటకు కారణమిదియే. అనగా ఆ చిమచిమ వ్యాధి ముదరుటకు గుర్తు కాదు, నరము కోలుకొనుటకు గుర్తు.

ఆరోగ్యవంతుడు రాత్రి ఒకే తీరున పడియుండడు. తనకు తెలియకయే పెక్కుమార్లు ప్రక్కకు తిరుగును. నరమునకు ఇదియే రక్షణ. మద్యము త్రాగి పడుకొనినవానికి, నిద్రమాత్రలు అధికముగా మ్రింగినవానికి ఈ రక్షణ తప్పిపోవును.

మూడు నరములు, మూడు గుర్తులు

మెడనుండి బయలుదేరిన నరములు భుజము క్రిందుగా వచ్చి, చేతిలో ముఖ్యముగా మూడు శాఖలై వ్రేళ్ళకు చేరును. ఏ వ్రేలు తిమ్మిరెక్కినదో గమనించినచో ఏ నరము ఎక్కడ నలుగుచున్నదో చాలవరకు తెలియును. కావున వైద్యుని వద్దకు పోవునపుడు "చేయి తిమ్మిరి" అని మాత్రమే చెప్పక, ఏ వ్రేళ్ళో చెప్పవలెను.

మొదటిది అల్నర్ నరము. మోచేయి గోడకు తగిలినపుడు కరెంటు కొట్టినట్లు జివ్వుమనుట అందరమెరుగుదుము. ఆ దెబ్బ తిన్నది ఈ నరమే. మోచేతి లోపలి ఎముక బొడిపె వెనుకగా, చర్మమునకు అతి సమీపమున ఇది పోవును. మోచేయి మడచినపుడు ఇది సాగి బిగియును. మోచేయి పూర్తిగా మడచి, అరచేయి చెంపక్రింద పెట్టుకొని నిద్రించువారికి చిటికెనవ్రేలును, ఉంగరపు వ్రేలులో సగమును తిమ్మిరెక్కును. పరుండి చాలసేపు సెల్‌ఫోను చెవివద్దనో కన్నులయెదుటనో పట్టుకొనువారికిని ఇట్లే జరుగును.

రెండవది మీడియన్ నరము. ఇది మణికట్టులో ఒక ఇరుకైన సొరంగముగుండా అరచేతిలోనికి పోవును. వ్రేళ్ళను మడచు తొమ్మిది స్నాయువులు కూడ అదే దారిని పోవలెను. మణికట్టు వంగినపుడు ఆ దారి మరింత ఇరుకగును. ఎంత ఇరుకగునో అమెరికాలో గెల్బర్మన్ అను వైద్యుడును, ఆయన సహచరులును కొలిచి 1981లో ప్రకటించిరి. ఆరోగ్యవంతులలో మణికట్టు తిన్నగానున్నపుడు సొరంగములోని ఒత్తిడి సగటున 2.5 పాదరసపు మిల్లీమీటర్లు. మణికట్టును పూర్తిగా లోపలికి వంచగా అది 31 అయ్యెను. వ్యాధిగ్రస్తులలో తిన్నగానున్నపుడే 32, వంచగా 94. మణికట్టు మడచుకొని పడుకొనుట ఏల కూడదో ఈ అంకెలే చెప్పుచున్నవి. ఈ నరము నలిగినచో బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపు వ్రేలులో సగము తిమ్మిరెక్కును. రాత్రి లేచి చేయి విదిలించినగాని నెమ్మదించదు. ఇది పురుషులలోకంటె స్త్రీలలో హెచ్చు. గర్భకాలమున ఒంట నీరు చేరుటచే కొందరికి ఈ బాధ కలిగి, చాలవరకు ప్రసవానంతరము తగ్గిపోవును.

మూడవది రేడియల్ నరము. ఇది దండచేతి ఎముక వెనుకనుండి చుట్టుకొని వచ్చును. మంచపు పట్టెమీదుగా చేయి క్రిందికి వ్రేలాడవేసి పడుకొనినను, కుర్చీ వీపుపై చేయి వేసి నిద్రించినను, పసిబిడ్డ తల రాత్రియంతయు దండచేతిపైననే యున్నను ఈ నరము ఎముకకు నొక్కుకొనును. అప్పుడు చేతి వెనుకభాగము మొద్దుబారును. ఒత్తిడి గంటలకొలది సాగినచో మణికట్టు పైకి లేవక వ్రేలాడును. కల్లో, సారాయో త్రాగి కదలక నిద్రించినవారిలో దీనిని హెచ్చుగా చూచుచుందురు. నరము తెగలేదు గనుక చాలమందికి కొన్ని వారములలోనో, నెలలలోనో బలము తిరిగివచ్చును. అయినను అంతకాలము పనికి దూరము కావలసినదే.

ఇక చేయి తలపైకి చాచుకొని బోరగిల పడుకొనువారికిని, మిక్కిలి ఎత్తైన దిండు పెట్టుకొనువారికిని మెడవద్దనే నరముల మూలములు ఒత్తిడికి లోనగుట కలదు. వారికి తిమ్మిరితోపాటు మెడనొప్పియు, భుజమునుండి క్రిందికి దిగు పోటును ఉండును.

ఎట్లు పడుకొనవలెను

ఈ క్రింది జాగ్రత్తలకు డబ్బు అక్కరలేదు. ఇంట నున్న తుండుగుడ్డ, దిండు చాలును.

వెల్లకిల పడుకొని చేతులను శరీరమునకు ఇరుప్రక్కల వదులుగా చాచి ఉంచుట అన్నిటికంటె మేలు. ప్రక్కకు తిరిగి పడుకొను అలవాటున్నవారు క్రిందనున్న చేయి దేహము క్రింద నలుగకుండ కొంచెము ముందునకు జరుపుకొనవలెను. ఎదుట ఒక దిండునో, మడచిన దుప్పటినో ఉంచుకొని పైచేతిని దానిపై ఆనించినచో మోచేయియు, మణికట్టును తిన్నగా నుండును. ఒక చేయి బాధించుచున్నచో రెండవ ప్రక్కకు తిరిగి పడుకొనవలెను. చేతిని తలక్రింద దిండుగా వాడరాదు. కళ్ళమున, బండిలో, పొలముగట్టున పడుకొనవలసివచ్చినను తలపాగనో, తుండునో మడచి తలక్రింద పెట్టుకొనుడు.

ప్రక్కకు తిరిగి పడుకొనువానికి భుజమునకును తలకును మధ్య గల ఖాళీ నిండునంత దిండు కావలెను. వెల్లకిల పడుకొనువానికి అంతకంటె పలుచనిది చాలును. మెడ వెన్నుతో సరిగా ఒకే వరుసలో నుండుటయే కొలత.

చిటికెనవ్రేలు తిమ్మిరెక్కువారు తుండుగుడ్డను మోచేతిచుట్టు మందముగా చుట్టి, జారిపోకుండ మాత్రము వదులుగా కట్టుకొని పడుకొనినచో నిద్రలో మోచేయి పూర్తిగా మడువబడదు. బిగించి కట్టినచో మేలునకు మారు కీడగును. బొటనవ్రేలివైపు తిమ్మిరెక్కువారికి మణికట్టును తిన్నగా నిలుపు పట్టీలు మందుల దుకాణములలో లభించును. వైద్యుని సలహాపై దానిని రాత్రులందు కొన్ని వారములు ధరించినచో, వ్యాధి తొలిదశలో నున్నవారికి చాలవరకు నెమ్మదించును. గాజులు, కడియములు, ఉంగరములు బిగుతుగా నున్నచో పడుకొనుటకు ముందు తీసివేయుట మంచిది.

రాత్రి బాధకు పగటి కారణములు

నిద్రలో తీరు మార్చినను తగ్గకున్నచో పగలు చేయు పనిని విచారించవలెను. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలు, గుంటూరు సీమలో మిరపకాయల తొడిమలు తీయువారు, మగ్గముపై పనిచేయువారు, కుట్టుపనివారు, పాలు పితుకువారు, పత్తి ఏరువారు ఒకే విధమైన కదలికను దినమునకు వేలమార్లు చేయుదురు. అందుచే మణికట్టులోని స్నాయువుల పొరలు ఉబ్బి నరమునకు చోటు తగ్గును. పగలు పని ధ్యాసలో తెలియని బాధ రాత్రి బయటపడును.

పని మానుమని మేము చెప్పుట లేదు. అది సాధ్యమును కాదు. కాని గంటకొకమారు రెండు నిమిషములు చేతులు చాచి, వ్రేళ్ళు తెరచి మూసి, మణికట్టును మెల్లగా త్రిప్పుట అందరికిని సాధ్యమే. పనిముట్టు పిడి మరీ సన్నమైనచో గుడ్డ చుట్టి లావు చేసికొనవలెను. మోచేతిని గట్టి అంచుపై ఆనించి గంటలకొలది కూర్చుండరాదు.

తీరు మార్చినను పోని తిమ్మిరి

రెండు మూడు వారములు పై జాగ్రత్తలు తీసికొనినను రాత్రి తిమ్మిరి మానకున్నను, పగటివేళ కూడ వచ్చుచున్నను, చేతిలోని వస్తువులు జారిపోవుచున్నను, బొండీ తగిలించుట, సూదిలో దారమెక్కించుట కష్టమైనను, బొటనవ్రేలి మొదటనున్న కండ సన్నగిల్లినను ఆలస్యము చేయరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి చూపించుకొనవలెను. కండ క్షీణించిన తరువాత చికిత్స చేసినను పూర్వపు బలము పూర్తిగా రాకపోవచ్చును. తగిన సమయమున వచ్చినవారికి, అవసరమైనచో, మణికట్టు సొరంగముపై కప్పును విడదీయు చిన్న శస్త్రచికిత్సతో నరమునకు విముక్తి కలుగును.

శరీరములోని ఇతర లోపములు కూడ నరములను బలహీనపరచును. చక్కెర వ్యాధి వానిలో ముఖ్యమైనది. దానిలో తిమ్మిరి సాధారణముగా రెండు పాదములలో మొదలై తరువాత చేతులకు వచ్చును. థైరాయిడ్ గ్రంథి మందగించుటయు, బి-12 విటమిన్ లోపించుటయు, మద్యపానమును ఇతర కారణములు. పాలు, గ్రుడ్లు, మాంసము ముట్టనివారికిని, వృద్ధులకును, చక్కెర వ్యాధికి మెట్ఫార్మిన్ మాత్రలు ఏండ్లతరబడి వాడువారికిని బి-12 లోపము కలుగుట కద్దు. ఇవన్నియు రక్తపరీక్షలో తెలియును. పరీక్ష లేకయే "నరముల బలహీనత" యని సూదిమందులు పొడిపించుకొనుట ధనమును, కాలమును వృథాచేయుటయే.

నొప్పిలేని మొద్దుతనము మరింత ప్రమాదము

నిద్రలేపు తిమ్మిరి మనలను హెచ్చరించును. హెచ్చరింపని మొద్దుతనమొకటి కలదు. చర్మముపై పాలిపోయిన లేక ఎర్రని మచ్చ యేర్పడి, ఆ మచ్చలో స్పర్శ తెలియకుండుట కుష్ఠువ్యాధికి ముఖ్య లక్షణము. ఈ వ్యాధి చర్మమునకు సమీపమున నున్న నరములను ఆశ్రయించును. మోచేతివద్దనున్న అల్నర్ నరము వానిలో నొకటి. అది లావెక్కి, చిటికెనవ్రేలు, ఉంగరపు వ్రేలు క్రమముగా వంకరపోవును. నొప్పి లేదు గనుక రోగి రాత్రి మేల్కొనడు. వైద్యుని వద్దకు పోడు.

1946లో వేలూరు వచ్చి అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఇట్టి రోగుల చేతులను శ్రద్ధగా పరిశీలించిరి. వ్రేళ్ళు వ్యాధిచే వానియంతట అవి రాలిపోవుననుట నిజము కాదనియు, స్పర్శ పోయినందున కాలినను, తెగినను తెలియక, గాయములు ముదిరి వ్రేళ్ళు నశించుచున్నవనియు వారు గ్రహించిరి. వంకరపోయిన వ్రేళ్ళను శస్త్రచికిత్సతో పనికి యోగ్యముగా చేయు మార్గమును కూడ చూపిరి. నొప్పి శత్రువు కాదు, కావలివాడని దీనివలన మనము నేర్వవలెను.

2005 డిసెంబరునాటికి మన దేశములో కుష్ఠువ్యాధి పదివేలమందికి ఒకరికంటె తక్కువ అనెడి స్థితికి చేరినది. అంతమాత్రమున అది మాయము కాలేదు. 2022-23లో లక్షకు పైగా క్రొత్త రోగులను కనుగొనిరి. బహుళౌషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించును; వ్యాధి రకమును బట్టి ఆరు లేక పన్నెండు మాసములు మందు వాడవలెను. మందు ప్రారంభించినవానినుండి వ్యాధి ఇతరులకు సోకు అవకాశము త్వరలోనే తొలగిపోవును. కావున మచ్చను దాచుకొనుట ఎవరికిని మేలు కాదు. ఆశా కార్యకర్తకు చూపుట మేలు.

క్షణమైనను ఆగరాని వేళ

చేయి తిమ్మిరెక్కుటతోపాటు ఆ వైపు కాలు కూడ బలహీనమైనను, మూతి ఒకప్రక్కకు లాగినను, మాట తడబడినను అది పక్షవాతము కావచ్చును. తెల్లవారువరకు చూతమనుకొనరాదు. మెదడు రక్తనాళములోని గడ్డను కరగించు మందు, వ్యాధి మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇచ్చినపుడే సాధారణముగా ఉపయోగపడును. పసరుమందుకొరకు దూరగ్రామములకు కొనిపోయి ఈ అమూల్యమైన కాలమును పోగొట్టుకొనువారు నేటికిని కలరు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. రొమ్ములో బరువు, చెమట, ఆయాసములతోపాటు ఎడమచేయి లాగినను ఇట్లే చేయవలెను. అది గుండెకు సంబంధించిన ఆపద కావచ్చును.

చేయరాని పనులు

తిమ్మిరెక్కిన చేతికి వాతలు పెట్టరాదు. స్పర్శ లేని చేతికి వేడినీటి కాపడము పెట్టరాదు, కాలినను తెలియదు. తాడుగాని, తాయెత్తుగాని బిగించి కట్టరాదు. క్షౌరశాలలో మెడ విరిపించుకొను అలవాటు మానుకొనవలెను. మెడలోని రక్తనాళములు దెబ్బతిని ప్రాణాపాయము కలుగుట కద్దు. మద్యము త్రాగి నిద్రించిన మనిషి చేతిపై పడుకొనియున్నచో ఇంటివారు అతనిని ప్రక్కకు త్రిప్పుట మరువరాదు.

చేయి తిమ్మిరెక్కుట ఎల్లవేళల వ్యాధి కాదు. ఎల్లవేళల అల్పవిషయమును కాదు. తీరు మార్చగనే పోవునది నరము చేయు విన్నపము. మార్చినను పోనిది వైద్యునికి చూపవలసిన ఫిర్యాదు. ఈ వ్యత్యాసమును ఇంటిలో పెద్దలు తెలిసికొని పిన్నలకు చెప్పుదురు గాక.

చర్చకు ప్రశ్నలు

1. చేయి తిమ్మిరెక్కినపుడు నాడి కొట్టుకొనుచునే యుండుటకు కారణమేమి?

2. చిటికెనవ్రేలు తిమ్మిరెక్కుటకును, బొటనవ్రేలు తిమ్మిరెక్కుటకును గల భేదమేమి? ఒక్కొక్కదానికి ఎట్టి జాగ్రత్త తీసికొనవలెను?

3. మన గ్రామములో మణికట్టుకు హెచ్చు శ్రమ కలిగించు పనులేవి? వానిలో విరామమునకు ఎట్టి ఏర్పాటు చేసికొనవచ్చును?

4. స్పర్శలేని మచ్చ ఎవరికైన కనబడినచో ఎవరికి తెలుపవలెను? రోగిని వెలివేయుటవలన కలుగు నష్టమేమి?